మూతలో మైనం

మామయ్య రిపేరు షాపులో ఎత్తు స్టూలు ఒకటుంది. ముప్ఫై ఏళ్లుగా దాని మీద ఆయన తప్ప ఇంకొకరు కూర్చున్న పాపాన పోలేదు. కోడలికి పనంతా వచ్చు. అయినా ఆమె చోటు గుమ్మం పక్కన, చీటీలు రాసే బల్ల దగ్గరే. స్టూలు అడిగీ అడిగీ ఆమెకు నోరు నొప్పెట్టింది.

చివరికి ఓ ఉదయం ఆయన గడ్డి కోసే మిషనొకటి ఆమె ముందు పెట్టాడు.

"పది నిమిషాలు నడిచి ఆగిపోతోందమ్మా. మధ్యాహ్నంలోగా ఎందుకో చెప్పావా, స్టూలు నీదే. చెప్పలేదా, మళ్లీ ఆ ఊసెత్తకూడదు."

కోడలు ఫిల్టర్ విప్పింది, శుభ్రంగా ఉంది. పైపు ఊదింది, అడ్డేమీ లేదు. కార్బ్యురేటర్ కూడా కడిగింది. మిషను మాత్రం పది నిమిషాలకు గుటుక్కుమంది. విసుగెత్తి ట్యాంకు మూత తిప్పితే బుస్సుమని గాలి లోపలికి పోయింది. వెంటనే తాడు లాగితే ఇంజను హాయిగా అందుకుంది.

పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి గాలి రావాలి. మూతకు సూదిబెజ్జం పెట్టేది అందుకే. ఆ బెజ్జంలో ఎవరో కొవ్వొత్తి మైనం కూరారు. ఎవరో ఏమిటి, మామయ్యే!

కోడలికి ఒళ్లు మండింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది. ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లగానే మైనాన్ని గుండుసూదితో పెకలించి, ఆయన మోపెడ్ మూత బెజ్జంలో భద్రంగా సర్దింది.

"నావల్ల కాలేదు మామయ్యా," అంది దిగాలుగా.

కోడలు ఓడిందన్న కబురు తమ్ముడికి చెప్పకపోతే ఆయనకు అన్నం సయించదు. వెంటనే మోపెడ్ ఎక్కాడు.

రెండు గంటల తర్వాత దాన్ని తోసుకుంటూ వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది, ముక్కు మీద మసి.

"దరిద్రపు బండి! ఆగుతుంది, కాసేపుంటే కదుల్తుంది, మళ్లీ ఆగుతుంది. ప్లగ్గు మార్చా, పైపు ఊదా. వీధిలో జనమంతా చుట్టూ చేరి సలహాలు!"

"మూత తీసి చూశారా మామయ్యా?"

ఆయన మూత తిప్పాడు. బుస్సుమంది. తిరగేసి చూశాడు. తన మైనాన్ని పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు.

ఎంత కాదన్నా పెద్దాయన. నలుగురిలో నగుబాటు చేసినందుకు కోడలికి సిగ్గేసింది.

మామయ్య మోపెడ్‌కు స్టాండు వేసి, గుమ్మం పక్కన బల్ల దగ్గర కూర్చుని, చీటీ రాసి ఆమె చేతికిచ్చాడు.

"తొందరగా చూడండి మేస్త్రీ గారూ. కస్టమర్ ఆకలి మీదున్నాడు."