ఒక్క పిలుపుకు సరిపడా

మా ఇంట్లో పేర్లు అరిగిపోతున్నాయి. ముందు మేక పేరు పోతుంది. అమ్మమ్మ పిలవబోయేసరికి అది అరిగిన సబ్బుబిళ్లంత మిగిలి ఉంటుంది. నోట్లోంచి జారి గడప మీద పడుతుంది. నేను ఊడ్చేస్తాను.

తర్వాత ఎదురింటి పిన్ని పేరు, ఆ తర్వాత చనిపోయిన మా అమ్మ పేరు. ఎక్కువ పిలిచినవే ముందు అరుగుతాయి. అమ్మమ్మ ఎన్నడూ పలకని పేర్లు రెండే. ఒకటి తాతయ్యది. రేషన్ కార్డు రాసేవాళ్లు అడిగినా నన్నే చెప్పమనేది. రెండోది దేవుడిది.

మా యూదుల మందిరంలో హెబ్రీ గ్రంథం చదివేటప్పుడు దేవుడి సొంత పేరు, ఆ నాలుగు అక్షరాలు, ఎవరూ పలకరు. అక్కడ ఒక్క క్షణం ఆగి, ప్రభువు అని చదువుతారు. పక్క వీధి చర్చిలో అదే పేరు మైకులో పాడతారు. మా మందిరంలో ఈ పలకని పద్ధతి మొదలైన కొత్తలో అందరూ తడబడ్డారు, అమ్మమ్మ తప్ప.

"అరవయ్యేళ్లు మీ తాత పేరే ఎత్తలేదు. ఈయనది ఎంతసేపే?" అంది.

ఇప్పుడు ఇంట్లో మేమిద్దరమే. నా పేరు కూడా చింతాకంత పలచబడింది, ఇంకొక్కసారికి సరిపోతుందేమో. దాన్ని ఉప్పుజాడీలో దాచి, ఇక నన్ను పేరుపెట్టి పిలవొద్దని వీధంతా చెప్పి వస్తాను. ఆ ఒక్కసారీ అమ్మమ్మ నోట వినాలని ఉంది.

వీధి ఒప్పుకుంటుంది. కొన్నాళ్లు ఓ అమ్మాయ్ అంటారు. తర్వాత అదీ ఉండదు. నేను ఎదురైతే, ఏదో బరువు మోసుకొస్తున్న మనిషికి జరిగినట్టు పక్కకు జరిగి దారి ఇస్తారు.

గ్రంథం చదివే సాదోకు తాతగారిని దేవుడి పేరు గురించి అడుగుతాను. పూర్వం ఆ పేరును ఏడాదికొక్క రోజు, పాత దేవాలయంలోని ఒక్క గదిలో, ప్రధాన యాజకుడొక్కరే పలికేవారట. ఇప్పుడు ఆ గదీ లేదట.

"పేరుపెట్టి పిలిచేవాళ్లు లేకపోతే ఆయనకు ఒంటరిగా అనిపించదా, తాతగారూ?"

"చదివినప్పుడల్లా అక్కడ ఆగుతున్నాంగా" అంటారు.

గురువారం ఉదయం జాడీ చంకన పెట్టుకుని అమ్మమ్మను మందిరానికి తీసుకెళ్తాను. సాదోకు తాతగారు వరుస వెంట జరుపుతూ చదివే వెండి పుల్ల నాలుగు అక్షరాల దగ్గర ఆగుతుంది. ఆగిన చోటు పొడవవుతుంది. దానికి గోడలొస్తాయి, తలుపొస్తుంది. అమ్మమ్మ చెప్పులు విడిచి లోపలికి పోతుంది. వెనకే నేను.

ఆమె పలకని పేర్లు రెండూ అక్కడ కొత్త ఇత్తడి బిందెల్లా, ఒక్క సొట్టయినా లేకుండా ఉన్నాయి. ఒకదాని మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. నేను జాడీ మూత తీసి, నా పేరు అమ్మమ్మ అరచేతిలో పెడతాను.

"ఒక్కసారి పిలువమ్మమ్మా."

ఆమె ఊపిరి తీసుకుంటుంది. పెదవులు కదలబోయి ఆగుతాయి. తల వంచుతుంది. నా పేరును తీసుకెళ్లి బిందెల పక్కన పెడుతుంది.

"పిలిస్తే అయిపోద్దే" అంటుంది.

బయట చదవడం మళ్లీ మొదలవుతుంది. అమ్మమ్మ చాప పరిచి, నా అంత ఎత్తున్న ఖాళీని ముందు కూర్చోబెట్టుకుంటుంది. దానికి నూనె రాసి, దువ్వి, పాయలు తీస్తుంది. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. నా జుట్టులో చిక్కులు ఒక్కొక్కటే విడిపోతున్నాయి.