కలీపా మింగని మాత్ర

కోటు భుజం మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె ఆనించగానే కలీపా చెయ్యి మళ్ళీ వణికింది. ఆవిరి బుస్సున లేచింది. ఇదివరకైతే నిద్రలో లేపి నిలబెట్టినా కోటు భుజాన్ని ముడత లేకుండా తీసేది. ఇప్పుడు ఒక్కొక్క కోటుతోనూ కుస్తీ పడుతోంది. నేలమాళిగలో ఉన్న ఆ కుట్టుపని కార్ఖానాలో మిషన్లన్నీ ఒకేసారి కదిలితే ఆ చప్పుడు చెవుల్లోకి కాదు, పళ్ళలోకి వస్తోంది. ట్యూబులైటు కళ్ళలో గుచ్చుకుంటోంది. ఒంటిమీద చీమలు పాకుతున్నట్టుంటుంది, గోకితే ఏమీ ఉండదు. బొత్తాలు కుట్టే అమ్మాయిలు ఆమె చేతుల వంక చూసి ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటున్నారు. తాగుడు అనుకుంటున్నారు కాబోలు. చుక్క ముట్టని మనిషి. కాదని చెప్పాలంటే మాత్రల సంగతి చెప్పాలి, అది ఇంకో తలనొప్పి.

మొగుడు తొలోన్ పోయిన రోజున మొదలైన మాత్రలవి. అతను లారీ నడుపుతూ నడుపుతూ కనుమ దారిలో గుండె ఆగి పోయాడు. ఆ కబురు ఆమెకు ఫోనులో ఎవరూ చెప్పలేదు. చావు కబురు అలా చెప్పరు. పెద్దలు వచ్చి, కూర్చోబెట్టి, నిదానంగా చెప్పాలి. చెప్పీ చెప్పగానే చేతికి ఒక గిన్నె ఇచ్చారు. తాగింది. అందులో నలిపి కలిపినది గుండెదడ తగ్గించి మత్తులో ఉంచే మాత్ర అని ఆ తర్వాత తెలిసింది. చావింటి ముందు వేసే తెల్ల ఉన్ని గుడారంలో ఆడవాళ్ళంతా గోడ వైపు తిరిగి శోకాలు పెడుతుంటే, కట్టుకున్న తను మాత్రం ఉన్నిమూటలా కూర్చుంది. కంట చుక్క రాలేదు. మొగుణ్ణి ఎత్తుకుని బయటికి తీసుకుపోయేటప్పుడు అతని మొహం ఎలా ఉందో ఎంత గింజుకున్నా గుర్తు రాదు. ఊళ్ళో వాళ్ళు అనుకున్న మాటలు మాత్రం ఒక్కటీ వదలకుండా గుర్తున్నాయి. ఆ మర్నాటి నుంచి ఏళ్ళ తరబడి రోజూ ఆ మాత్రే.

మానెయ్యమని వెంటపడింది అక్క ఊల్కాన్. కొండల అవతల, ఓష్ పట్నం దాటాక ఒక పల్లెలో ఉంటుంది, రోజూ సాయంత్రం ఫోను చేస్తుంది. పాలిక్లినిక్‌లో డాక్టరమ్మ మాత్రని సగం చేయించి, పావు చేయించి, గోటితో గీకిన ముక్క దాకా దించింది. వసంతంలో వచ్చే నూరూజ్ పండగనాటికి ఆ ముక్క కూడా ఆగిపోయింది. అప్పటినుంచి ఈ అవస్థ. "ఏదో ఘోరం జరగబోతోందని నీ గుండె రోజూ చెప్తుంది. నమ్మకు. అది నరాలు ఆడే అబద్ధం" అని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. కలీపా బుద్ధిగా వింటోంది. గుండె చెప్పడం, ఆమె కొట్టిపారెయ్యడం, ఇదే పనైపోయింది.

ఆ పొద్దున కాలరు మీదికి వస్తుండగా జుమగుల్ దిగబడింది. తొలోన్ చెల్లెలు. బజారులో మేజోళ్ళు అమ్ముతుంది. ఒక మాటంటే పది మాటలు అప్పజెప్పే రకం. ఆవిడ చేతిలో కలీపా ఇంట్లో ఉండాల్సిన సంచి ఉంది.

"వదినా, పెట్టె ఆర్పేసి రా. ఓష్ పోవాలి. మీ అక్కకి బీపీ పెరిగిందట, నిన్ను చూడాలంటోంది."

"బీపీ పెరిగితే నేనెళ్ళి దించుతానా?"

జుమగుల్ దానికి దెబ్బకు దెబ్బ ఏదో అనాలి. అనలేదు. కనుమ దారి మంచు విరిగిపడి మూసేశారట, విమానానికి టికెట్లు తీసేసిందట, ఓష్‌లో మేజోళ్ళ బేరం ఒకటుంది కాబట్టి తనూ వస్తోందట. మాట్లాడుతూనే కలీపా కోటు తీసి పట్టుకుంది, చేతులు దూర్చుకోవడానికి వీలుగా. ఇన్నేళ్ళలో ఆ మనిషి వదినకి కోటు అందించిన పాపాన పోలేదు.

గుండె దడదడలాడింది. అబద్ధం, అనుకుంది కలీపా. అక్కకి ఫోను చేసింది. ఎత్తింది బావ. పడుకుంది, తర్వాత మాట్లాడుతుందిలే అన్నాడు. అతని వెనక మగవాళ్ళ గొంతులు చాలా వినిపించాయి. టీవీ అయ్యుంటుందని సర్దిచెప్పుకుంది. బావ పగటిపూట టీవీ పెట్టడని ఆమెకు తెలుసు. ఆ తెలిసిన సంగతి మీద కూడా విసుగొచ్చింది.

విమానాశ్రయంలో బూట్లు విప్పమన్నారు. విప్పింది. బెల్టు తీయమన్నారు. బెల్టు లేదంది. అయినా యంత్రం కుయ్యిమంది. ఒక కుర్రపిల్ల కర్రలాంటిది పట్టుకొచ్చి ఒళ్ళంతా తడుముతుంటే, అది తగిలిన చోటల్లా చర్మం మండింది. ఎందుకమ్మా వణుకుతున్నావని ఆ పిల్ల అడిగింది. చలేసి అంది కలీపా. చెమటతో మొహం తడిసిపోయి ఉంది. ఆ పిల్ల ఇంకొకావిణ్ణి పిలిచింది, ఆవిడ సంచిలో ఉన్నదంతా బల్ల మీద కుమ్మరించింది, లోపలి బట్టలతో సహా. వెనక వరసలో ఉన్న మగవాడు ఎవడో పళ్ళికిలించాడు. కలీపాకి అరికాలి మంట నెత్తికెక్కింది. అరవబోయి ఊరుకుంది. అరిస్తే ఆపేస్తారు, ఆపేస్తే అక్క దగ్గరికి వెళ్ళలేదు. తన బట్టలు తనే మడిచి, వణికే చేతులతోనే, ముడత లేకుండా పెట్టుకుంది.

అంతా అయ్యాక ఓష్ మీద పొగమంచు ఉందని విమానం ఆపేశారు. మైకులో ఆ ముక్కే మూడు భాషల్లో మళ్ళీ మళ్ళీ చెప్పారు. పక్క కుర్చీలో పిల్లాడికి ఎవరో ఈల కొనిపెట్టారు. కొన్నవాళ్ళ చేతులు విరిగిపోను అనుకుంది. జుమగుల్ మాంసం సమోసాలు తెచ్చింది, టీ తెచ్చింది, శాలువా తీసి కాళ్ళ మీద కప్పింది. మేజోళ్ళ బేరం ఎవరితో అని కలీపా అడిగితే ఒకసారి ఒక పేరు చెప్పింది, ఇంకోసారి ఇంకో పేరు చెప్పింది. తప్పు పట్టుకున్నా పోట్లాటకి రాలేదు. నువ్వెలా అంటే అలాగే వదినా అంది. అదీ కలీపాని తినేసింది. పోట్లాడే మనిషి పోట్లాడకపోతే కింద నేల లేనట్టుంటుంది. గుండె అదే పనిగా చెప్తోంది. నమ్మకు, నమ్మకు అని ఆమె అదే పనిగా దాని నోరు మూస్తోంది. ఎవర్ని నమ్మాలో తేల్చుకోవడానికి అక్కని అడుగుదామని ఫోను తీసి, మళ్ళీ సంచిలో పడేసింది.

చివరికి ఎక్కించారు. కిటికీ పక్క సీటు. బెల్టు బిగించగానే ఊపిరి అక్కడికే ఆగినట్టయింది. ఇంతకుముందు ఒక్కసారే ఎక్కింది విమానం, అప్పుడు మాత్ర పుణ్యమాని దిగేదాకా నిద్రే. ఇప్పుడు చక్రాలు నేల విడిచిన సంగతి వెన్నుపూస మీద తెలిసింది. కొండల మీదికి వచ్చాక విమానం గతుకుల దారిలో బండిలా కుదిపింది. ముందు సీటు వీపు దగ్గరికొస్తోంది, దూరం పోతోంది. నాలుక పిడచకట్టుకుపోయింది. లేచి తలుపు తీసుకుని దిగిపోవాలనిపించింది. దిగడానికి కింద ఏముంది, మంచు తప్ప. తనకి ఈ మాత్రం చేతకాదా అని తన మీదే ఏడుపొచ్చింది. ఇన్ని నెలలు ముక్కలు కోసి, గీకి, రాత్రులు కూర్చుని, ఇప్పుడు ముప్పావు గంట ఓర్చుకోలేదా?

జుమగుల్ కాగితం రుమాలు మడత విప్పింది. అందులో మాత్ర, చిన్నది, తెల్లది, మధ్యలో గీతతో.

"సగమే వేసుకో వదినా. ఎవరికి తెలుస్తుంది?"

కలీపా దాన్ని చూసింది. నోట్లో చేదు ముందే వచ్చేసింది. చెయ్యి దానంతటదే లేచింది కూడా. లేచిన చెయ్యితో ఆ రుమాలు మడత మూసేసింది.

"లోపల పెట్టెయ్."

"పట్టుదలకి పోకు."

"పెట్టెయ్యమన్నానా?"

"సరే, ఇప్పుడొద్దంటే మానెయ్. దిగాక ఎలాగూ కావాలి నీకు."

అనేసి జుమగుల్ పెదవి కొరుక్కుంది. తల దించుకుని రుమాలుని మడత మీద మడత పెట్టసాగింది.

కలీపా ఆ వేళ్ళని చూస్తూ ఉండిపోయింది. దిగాక ఎందుకు కావాలి? ఆడబిడ్డని మోచేత్తో పొడిచింది. ఊల్కానేనా, చెప్పు అంది. బీపీయే వదినా, పిచ్చిమాటలు మాట్లాడకు అంది జుమగుల్, ఆమె మొహం చూడకుండా, ఒళ్ళో రుమాలు చూస్తూ. ఆ గొంతు కలీపాకి తెలుసు. పక్కింటామె కొడుకు పోయినప్పుడు, అబ్బాయి బస్సు చెడిపోయిందట, అంతేలే అని దారంతా అదే గొంతుతో ఆమెను నడిపించుకొచ్చింది కలీపానే.

విమానం ఒక్కసారిగా కిందికి జారింది. జనం దేవుణ్ణి తలుచుకున్నారు. కలీపాకి భయం వెయ్యలేదు. చేతులు వణుకుతూనే ఉన్నాయి, చెమట కారుతూనే ఉంది, కానీ భయం ఉన్న చోట ఇప్పుడు ఇంకేదో వచ్చి కూర్చుంది. బరువుగా, కదలకుండా. అంతకంటే ముందు ఒళ్ళు మండిపోయింది. రోజూ అబద్ధం చెప్పే గుండె ఇవాళే నిజం చెప్పాలా? పొద్దుటినుంచీ చెప్తుంటే దాని పీక నొక్కుతూ కూర్చుంది తను.

మళ్ళీ అడగలేదు. అడిగి నోటితో అనిపిస్తే అయిపోతుంది. పెద్దలు కూర్చోబెట్టి చెప్పేదాకా అక్క ఉన్నట్టే. ఆ కాస్త దారీ అక్క బతికి ఉండనీ అనుకుంది. తినకుండా మిగిలిన సమోసా తీసి జుమగుల్ చేతిలో పెట్టింది.

"తిను. పొద్దుటినుంచీ నాకు అబద్ధాలు చెప్పలేక నీరసపడిపోయావు."

జుమగుల్ సమోసా పట్టుకుని కిక్కురుమనకుండా ఏడ్చింది. కన్నీళ్ళతోనే కొరికింది.

ఓష్‌లో దిగాక బావ తరఫు మగవాళ్ళు ముగ్గురు కారుతో ఉన్నారు. ఎవరూ నల్లమొహం పెట్టలేదు. ప్రయాణం బాగా జరిగిందా అన్నారు. ఈసారి ఆప్రికాట్ పూత చలికి మాడిపోయిందన్నారు. కలీపా అన్నిటికీ తలూపింది. ఆ మొహాలు అలా నిలబెట్టుకోవడానికి వాళ్ళు పడుతున్న పాట్లు చూస్తే జాలేసింది, కోపమూ వచ్చింది. కారు ఊళ్ళోకి వచ్చి అక్క ఇంటి సందు దాటిపోయి, బావగారి అన్న సాపర్ ఇంటి ముందు ఆగింది. దాహం తీర్చుకుని వెళ్దాం అన్నారు.

లోపల తివాచీ మీద పరుపులు వేసి ఉన్నాయి. సాపర్ తెల్ల టోపీ సర్దుకుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. పెద్ద వయసు, మాటకి మాటకి మధ్య ఆయాసం. మనిషి ఈ లోకంలో చుట్టమేనని మొదలుపెట్టాడు. వాళ్ళ తాతల సంగతి చెప్పాడు, తొలోన్ మంచితనం చెప్పాడు. కలీపా తల వంచుకుని విన్నది. ఆ చివరి మాట దగ్గరికి రావడానికి ఆయనకి ధైర్యం చాలడం లేదని అర్థమైంది.

"చెప్పండి బావగారూ. నేను వింటున్నాను."

"ఊల్కాన్ పొద్దున్నే వెళ్ళిపోయిందమ్మా. వాకిట్లోంచి వస్తూ గడప మీద కూర్చుందట. మరి లేవలేదు. దేవుడిచ్చాడు, ఆయనే తీసుకున్నాడు. నువ్వు గట్టిగా ఉండాలి."

వెంటనే ఆయన భార్య గిన్నె పట్టుకొచ్చింది. పింగాణీ గిన్నె, నీళ్ళ అడుగున తెల్లటి పొడి ఇంకా పూర్తిగా కరగలేదు. తాగమ్మా అన్నారు. తట్టుకోలేవు అన్నారు. ఎంతో ప్రేమగా, నలుగురూ ఒకేసారి. ఒకరు వీపు నిమిరారు, ఒకరు గిన్నె పెదవుల దాకా తెచ్చారు. కలీపా గిన్నెని రెండు చేతులతో పట్టుకుంది. చేతులు వణికి నీళ్ళు ఒళ్ళో చిందాయి. మిగతాది కింద తివాచీ అంచున పెట్టేసింది.

"తట్టుకోలేకపోతే పోనీండి. తొలోన్ పోయినప్పుడు ఇది తాగే తట్టుకున్నాను. ఏం మిగిలింది నాకు? నన్ను మా అక్క దగ్గరికి తీసుకెళ్ళండి."

సాపర్ భార్య ఇంకా ఏదో అనబోయింది. జుమగుల్ గిన్నె తీసుకుని గుమ్మంలోకి వెళ్ళి నీళ్ళు మట్టిలో ఒంపేసి వచ్చింది. "ఆవిడ వద్దంటే వద్దంతే" అంది. పొద్దుటినుంచి అది మొదటిసారి తన గొంతుతో మాట్లాడడం.

అక్క వాకిట్లో ఉన్ని గుడారం వేసేశారు. గడప దగ్గర మగవాళ్ళు కర్రల మీద వాలి గొంతెత్తి ఏడుస్తున్నారు. కలీపా లోపలికి వెళ్ళి ఆడవాళ్ళ మధ్య గోడ వైపు తిరిగి కూర్చుంది. తెర వెనక అక్క. శోకానికి కట్టుబాట్లున్నాయి, పొగడాలి, పోల్చాలి, వరస తప్పకూడదు. ఒక్క వరసా గుర్తు రాలేదు. గొంతు పగిలిపోయి కీచుమంది. నోటికి వచ్చింది తిట్టు.

"నిన్న సాయంత్రం గంటసేపు వాగావు కదే అక్కా! పక్కింటి ఆవు ఈనిందని చెప్పావు, పోతున్నానని చెప్పలేదేమే? మాత్ర మింగావా మింగావా అని చంపుకుతిన్నావు, మింగలేదే, వచ్చి చూడవే! ఇవాళెవరు అడుగుతారే నన్ను? సాయంత్రమైతే నేనెవరి ఫోను కోసం చూడనే?"

ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు. తర్వాత ఒక్కొక్కరే ఆమె వెనక గొంతు కలిపారు. ప్రతి గొంతూ ఆమెకు విడివిడిగా వినిపించింది. ఉన్ని వాసన వేసింది, తడిమట్టి వాసన వేసింది. ఒంట్లో ఒక్క నరమూ తప్పించుకోకుండా అంతా నొప్పిగా ఉంది. తెర తొలగించి చూపించినప్పుడు అక్క మొహాన్ని కళ్ళార్పకుండా చూసింది. ఎడమ కనుబొమ్మ మీద చిన్నప్పటి మచ్చ. మూసిన పెదవుల్లో ఏదో పని మధ్యలో పిలిస్తే వచ్చినట్టు కాస్త విసుగు.

చాలాసేపటికి మొహం కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి పక్కన పెద్ద బేసిన్, చుట్టూ అక్క ఊదారంగు స్వెట్టరు. అత్తయ్య తెల్లారగట్ల రొట్టెకి పిండి కలిపి పెట్టిందని, దాన్నేం చెయ్యాలో తెలియక ఎవరూ ముట్టుకోలేదని ఊల్కాన్ కోడలు గుమ్మంలోంచే నెమ్మదిగా చెప్పింది. పిండి పొంగి మూతని ఒక పక్కకి నెట్టేసింది, బేసిన్ అంచు దాటి స్వెట్టరు మెడ మీదికి జారుతోంది. పిండి వెచ్చగా ఉండాలని ఊల్కాన్ చుట్టి కట్టిన స్వెట్టరు చేతులు రెండూ ముందువైపు గట్టిగా ముడివేసి ఉన్నాయి.