శనివారం నాలుగింటికి

"ముక్కూ మొహం తెలీని వాళ్లతో మాట ఎలా మొదలుపెట్టాలమ్మా?" అని అడిగింది మా అమ్మాయి. నేను దుప్పట్లు మడత పెడుతున్నాను. రెండో కొస దాని చేతికిచ్చాను. దానికి పదిహేనేళ్లు. వాళ్ల స్కూల్లో ఒక్కో పిల్లకీ వేరే దేశంలో ఒక స్నేహితురాలిని చూసిపెట్టారు. వారానికి ఇరవై నిమిషాలు కంప్యూటర్లో మాట్లాడుకోవాలి. మొదటి రోజు ఈ శనివారం, నాలుగింటికి. ఆ రోజు రాకపోతే ఆ స్నేహితురాలిని ఇంకొకరికి ఇచ్చేస్తామని టీచరమ్మ చెప్పింది. అడగడానికి మా అమ్మాయి అయిదు ప్రశ్నలు రాసుకుంది. మీ ఊళ్లో వానలు పడతాయా, నీకే రంగు ఇష్టం, ఇలాంటివి.

"నేనూ అవే అడిగాను," అన్నాను. "నీ వయసులో నాకూ ఒక కలం స్నేహితురాలుండేది."

"నీకా!" అంది, నేను రైలు నడిపానని చెప్పినట్టు.

నాకే. స్కూల్లో వేరే దేశాల పిల్లల చిరునామాలు పంచితే ఒకటి నాకొచ్చింది. మా ఇద్దరికీ సొంతం కాని భాషలో, నిఘంటువు పక్కన పెట్టుకుని రాసేదాన్ని. వెళ్లే ఉత్తరమైనా వచ్చే ఉత్తరమైనా ముందు నాన్న చదవాల్సిందే. అందుకే మొదటి రెండింట్లో వానలు, రంగులు తప్ప ఏమీ లేవు. మూడోసారి ఆ అమ్మాయే అడిగింది: నిన్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏం చేశావో రాయి. రాశాను. అయిదింటికి లేచాను, నీళ్లు పట్టాను, ఇల్లు ఊడ్చాను, అన్నయ్యలిద్దరికీ డబ్బాలు సర్దాను, స్కూలుకి వెళ్లాను, వచ్చి గిన్నెలు తోమాను, బట్టలు ఉతికాను, నాయనమ్మ కాళ్లు ఒత్తాను. నాలుగు పేజీలు వచ్చాయి. పరాయి భాషలో అంత రాసినందుకు గర్వపడ్డాను. నాన్న కూడా తప్పేమీ లేదని కవరు అంటించారు. ఆరు వారాలకు జవాబు వచ్చింది. "నువ్వు అమ్మానాన్నలకు దూరంగా ఎవరింట్లోనో పనిచేస్తున్నావని నాకు తెలియదు. ఆ ఇంటివాళ్లు మంచివాళ్లేనా? నీకు సెలవు ఏ రోజు ఇస్తారు?"

నాన్న దాన్ని అన్నాల దగ్గర పైకి చదివారు. చిన్నన్నయ్యకు పొలమారింది. "అమ్మగారికి సెలవు కావాలిట!" అన్నాడు పెద్దన్నయ్య. అప్పట్నుంచి పెళ్లయ్యేదాకా ఇంట్లో నా పేరు సెలవులమ్మ. మా అమ్మ మాత్రం నవ్వలేదు. చెంబు నిండా నీళ్లుండగానే నీళ్లు తెస్తానని లేచి వెళ్లింది. "ఇంటి సంగతులు దేశాల మీద పెడతావా," అని నాన్న ఉత్తరం చించేశారు. చిరునామా కాగితం కూడా తీసేసుకున్నారు. ఆ తర్వాత ఆ అమ్మాయి ఇంకో రెండు ఉత్తరాలు రాసిందని అమ్మ చెప్పగా చాలా ఏళ్లకు తెలిసింది. ముప్పై ఏళ్లుగా ఆమెకు జవాబు మనసులో రాస్తూనే ఉన్నాను. వాళ్లు మా వాళ్లే, అని మొదలుపెడతాను. తర్వాతి వాక్యం రాదు.

మా ఆయన పక్క గదిలోంచి వచ్చారు. "శనివారమా? మా ఆఫీసు వాళ్లు ఎనిమిది మంది వస్తున్నారు. చెప్పలేదూ?" చెప్పలేదు. "మూడున్నరకల్లా వస్తారు. అందించడానికి అమ్మాయి ఉండాలి కదా."

"ఆ రోజు లేకపోతే ఆ పిల్లని ఇంకొకరికి ఇచ్చేస్తారుటండీ."

"ఇంకో పిల్లని ఇస్తారులే. అదేమన్నా పెళ్లి సంబంధమా, తప్పిపోడానికి!"

"ఇంట్లో నాతో రెండు మాటలుండవు," అంది అత్తయ్య. "సముద్రాల అవతలికి మాత్రం అయిదు ప్రశ్నలు." ఆయన పెద్దగా నవ్వారు.

అమ్మాయి దెబ్బలాడుతుందనుకున్నాను. అది దుప్పటి అంచులు కలిపి, "పోనీలే నాన్నా. నేను సర్దుకుంటాను," అంది. ఏడవలేదు. గొంతు కూడా పెంచలేదు. ఆ మాట నేను దానికి నేర్పలేదు. దాని ఎదుట రోజూ అన్నాను, అంతే.

శనివారం దాకా ఆ మూడు రోజులూ నాకు అన్నం సయించలేదు. నేను ఒక క్లినిక్‌లో చీటీలు రాసి పేషెంట్లను లోపలికి పంపిస్తాను. డాక్టరుగారి కప్పు కడగడం నా పనుల్లో లేదు, పదకొండేళ్లుగా కడుగుతున్నాను. శుక్రవారం ఆ కప్పు పట్టుకుని పంపు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వరసలో ఉన్న ఒకావిడ వచ్చి నీళ్లు కట్టేసి, "ఒంట్లో బాగాలేదామ్మా?" అంది. బాగానే ఉందన్నాను.

శనివారం చెప్పిన వేళకే వచ్చారు వాళ్లు. నాలుగింటికి అయిదు నిమిషాలుండగా అమ్మాయి చేతిలో ట్రే తీసి కింద పెట్టాను. దాన్ని గదిలోకి పంపించి తలుపు మూశాను. ఆ తలుపుకి గడియ లేదు. ఆడపిల్ల గదికి గడియ ఎందుకని ఆయన పెట్టించలేదు. బల్ల దగ్గరి కుర్చీ లాక్కొచ్చి తలుపుకి ఆనించి కూర్చున్నాను. వాళ్లంతా వెళ్లిపోయాక ఈ ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు.

"టీ ఏదోయ్?" అని హాల్లోంచి కేక. కాసేపటికి ఆయనే వచ్చారు. వాళ్లకోసం పెట్టుకున్న నవ్వు మొహాన అలాగే ఉంది. "లే," అన్నారు పళ్లు బిగించి. "అమ్మాయేదీ? పరువు తీయకు. లే ముందు."

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. హాల్లో మాటలు ఆగిపోయాయి. తలుపు అవతల అమ్మాయి ఏదో అంది. ఎవరో పిల్ల నవ్వింది.

"టీ పొడి పై అరలో నీలం డబ్బాలో ఉంది," అన్నాను, హాల్లో ఎనిమిది మందికీ వినపడేలా. "పంచదార దాని వెనక. నేను నాలుగూ ఇరవై దాకా లేవను."