గుంటకు పోసిన నీళ్లు

వేసవిలో ఆ ఇంటికి రోజూ వచ్చే నీళ్లలో వంటకీ స్నానాలకీ పోను ఒక బకెట్ మిగిలేది. అది ఎవరిదన్నదే తగువు. ఇల్లాలు తన బెండ మొక్కలకి కావాలంది. ఆయన పెరట్లోని కరెంటు ఎర్తింగ్ గుంటకి కావాలన్నాడు. బకెట్ గుంటకే వెళ్లింది.

ఆయన తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. ఆయన కొన్న మొదటి హోమ్ థియేటర్ ఒక గాలివానకి పోయింది. పోయిన కరెంటు తిరిగి వస్తూ వస్తూ దాని ప్రాణం పట్టుకుపోయింది. ఆ సమయానికి సోఫాలో ఉన్నది తోడల్లుడు, ఇల్లాలి అక్క మొగుడు.

"సామాను కొనగానే సరా తమ్ముడూ? ఎర్తింగ్ ఉండొద్దూ?" అన్నాడాయన, టీ కప్పు కింద పెట్టకుండానే.

సెట్టు పోయినందుకు కాదు, ఆ మాటకి ఇన్‌స్పెక్టరుకు నిద్ర పట్టలేదు.

రెండో సెట్టు కొన్నాడు. దానికి ఒక స్టెబిలైజరు, దాని పక్కన యూపీఎస్, ఆ పక్కన స్పైక్ బస్టర్. మోగేవాటి కంటే కాపలా కాసేవే ఎక్కువ చోటు తిన్నాయి. పెరట్లో మనిషి లోతు గుంట తవ్వించి, రాగి రేకు దించి, బొగ్గూ ఉప్పూ పోయించాడు. మట్టి తడిగా ఉంటేనే ఎర్తింగ్ పనిచేస్తుందని మిస్త్రీ చెప్పి వెళ్లాడు. ఆ ముక్క ఆయనకి మంత్రమైంది. ఇంత చేసి కూడా, మబ్బు కనిపిస్తే ప్లగ్గులన్నీ పీకేసేవాడు. ఆ ఇంట్లో వానాకాలం ఏ సినిమాకీ క్లైమాక్స్ ఉండేది కాదు.

"గుంటకి పోశావా?" ఇదీ పొద్దున్నే ఆయన పలకరింపు.

"పోశానండీ. పోయినేడు వేసిన మొక్కలు ఎండిపోయాయి. ఇవైనా బతకాలి. రేపొక్కరోజు వాటికి..."

"బెండకాయలు బజార్లో దొరుకుతాయే. ఈ సెట్టు దొరుకుతుందా?"

"అదీ బజార్లోనే కదండీ కొన్నారు?"

ఆయన పేపరు తిప్పాడు.

ఒక ఆదివారం అక్కా బావా వచ్చారు. ఇన్‌స్పెక్టరు రెండేళ్లుగా ఎదురుచూసింది ఈ రోజు కోసమే. సినిమా పెట్టాడు. తలుపులు అదిరాయి.

"మోత బాగానే ఉంది," అన్నాడు తోడల్లుడు. "ఈసారైనా ఎర్తింగ్ పెట్టించావా, దేవుడి మీద భారం వేశావా?"

"రండి అన్నగారూ, చూపిస్తా."

సినిమా మధ్యలో ఆపి అందరినీ పెరట్లోకి నడిపించాడు. లోతు చెప్పాడు. బొగ్గు ఎంత పట్టిందో చెప్పాడు. గోడ వెంట పైకి పాకిన ఆకుపచ్చ వైరు చూపించాడు.

"లాగి చూడండి. ఏనుగుని కట్టొచ్చు."

తోడల్లుడు కదల్లేదు. ఇన్‌స్పెక్టరే లాగాడు. వైరు సర్రున జారి ఆయన కాళ్ల దగ్గర పడింది. గుంటలోని కొస గుంటలోనే ఉంది. ఇంట్లోకి పోవలసిన కొస ఎక్కడికీ పోలేదు. దానికి సున్నం అంటి ఉంది. గుంట తవ్విన నెలలోనే గోడకి సున్నం వేయించారు. వేసినవాళ్లు అడ్డం వచ్చిన వైరు కోసి, మళ్లీ గోడకే ఆనించి వెళ్లారు.

ఇల్లాలు బెండ మొక్కల వైపు చూసింది. కాడల చివర నాలుగేసి ఆకులున్నాయి. రెండు వేసవుల నీళ్లు ఆమె చేతుల మీదుగానే ఆ గుంటలోకి వెళ్లాయి.

"అయితే మరదలా," అన్నాడు తోడల్లుడు, "ఇన్నాళ్లూ బొగ్గులకి దాహం తీర్చావన్నమాట!"

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

ఇన్‌స్పెక్టరు వైరు కొస తీసి తిప్పి తిప్పి చూశాడు. దుకాణంలో దొంగ తూకంరాయిని చూసే చూపు అది. తర్వాత తలెత్తాడు.

"చూశారా అన్నగారూ! వైరు లేకుండానే రెండేళ్లు కాపాడింది. వైరు కూడా ఉండుంటేనా?"

తోడల్లుడు ముందుకు జరిగాడు. గుంట మీదికి వంగాడు.

"ఎంత లోతన్నావ్?" అన్నాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు మిస్త్రీని పిలిచి వైరు కలిపించాడు. "ఇప్పుడు నిజంగా పనిచేస్తుంది కాబట్టి రెండు బకెట్లు పొయ్యి," అని ఇల్లాలికి చెప్పి ఆఫీసుకి వెళ్లాడు.

తర్వాతి వారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"ఏమే, మా ఆయన కూడా గుంట తవ్వించారే. మీ దానికంటే మూరెడు లోతు."

"మీరు హోమ్ థియేటర్ ఎప్పుడు కొన్నారక్కా?"

"ఎక్కడ కొన్నాం? ముందు గుంట, తర్వాత సెట్టు అంటున్నారు. బకెట్ మాత్రం ఇప్పట్నుంచే పొయ్యాలట. నా చేత మోయిస్తున్నారు."

ఇల్లాలు ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, బకెట్ ఎత్తి బెండ మొక్కల మొదట్లో వంచింది.

"పోశావా?" లోపల్నుంచి కేక.

"పోశానండీ!" అంది.

దేనికి పోశావని ఆయన అడగలేదు.

"అక్కా," అంది ఇల్లాలు గొంతు తగ్గించి, "నువ్వు కూడా నాలుగు బెండ గింజలు నాటుకో."