లేత ఊదా వరుసలు

రోగులకు మంచాలు, చక్రాల కుర్చీలు, ఆక్సిజన్ మిషన్లు అద్దెకిచ్చే ఆ షాపులో కంప్యూటర్ పనంతా చిన్నోడిదే. పేరుకే చిన్నోడు, నెత్తిన జుట్టు సగం పండింది. షాపు పెట్టిన అన్నయ్య పోయాక కౌంటరు దగ్గర వదిన కూర్చుంటోంది, మిగతా తంటాలన్నీ ఇతను పడుతున్నాడు.

కోడు రాయడం రాకపోయినా, తెర మీద పెట్టెలు లాగి, బటన్లు అతికించి షాపుకొక యాప్ తయారుచేశాడు. ఎవరు ఏ సామాను తీసుకెళ్ళారో ఆ వివరాలన్నీ ఒక ఎక్సెల్ షీట్లో ఉండేవి. షీటు పెరిగి పెరిగి చివరికి యాప్ చేతులెత్తేసింది. పాతవాళ్ళను చూపిస్తుంది, నిన్న మంచం తీసుకున్నవాళ్ళు మాత్రం కనబడరు. ఇక లాభం లేదని అంతా డేటాబేస్‌లోకి మార్చాడు. కాలమ్‌కి కాలమ్ సరిపోయింది, ఒక్క పేరూ తప్పిపోలేదు. ఇంకేముంది, మనవాడికి కొమ్ములు మొలిచాయి.

పనిలో పనిగా ఇంకో ఏర్పాటు కూడా చేశాడు. గడువు దాటినా సామాను తిరిగివ్వని ఇళ్ళకు యాపే మెసేజ్ పంపుతుంది. మంచాల కోసం ఎదురుచూసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు మరి.

"భోజనాలయ్యాక అందరికీ వెళ్ళిపోతుంది వదినా. ముందు ఒక్కరికి పంపి చూస్తా."

"ఎవరికి?"

"అందరికంటే ఎక్కువ కాలం ఉంచుకున్న మొండిఘటానికి!" అని, పేరైనా చూడకుండా పైనున్న వరుస ఎంచుకుని బటన్ నొక్కాడు.

కౌంటరు మీద వదిన ఫోన్ టింగుమంది. కళ్ళజోడు పెట్టుకుని చదివింది. చదివి, ఫోన్ బోర్లా పెట్టింది.

"ఏమైంది?"

"నాకే వచ్చింది."

ఫోన్ తీసి చూశాడు. 'మీరు తీసుకున్న మంచం గడువు దాటింది. దయచేసి వెంటనే తిరిగి ఇవ్వగలరు.' పైన అన్నయ్య పేరు. చివరి రోజుల్లో ఇంటికి పట్టుకెళ్ళిన మంచం అది. సొంత షాపైనా లెక్క లెక్కేనని అన్నయ్యే పట్టుబట్టి తన పేరు, వదిన ఫోన్ నంబరు రాయించాడు.

"షీట్లో ఆ వరుసకి ఊదా రంగు వేశాను కదా చిన్నా, చూళ్ళేదా?"

"ఆ రంగుకి అర్థమేమిటి?"

"మనిషి పోయిన ఇళ్ళకి లేత ఊదా రంగు వేస్తాను. వాళ్ళకి ఫోన్ చెయ్యను. వాళ్ళంతట వాళ్ళు తెచ్చిచ్చేదాకా అడగను. మీ అన్నయ్యతోనే మొదలుపెట్టాను."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వెప్పుడు అడిగావు? ఊసుపోక వేస్తున్నాననుకున్నావేమో."

అచ్చంగా అలాగే అనుకున్నాడు. వదినకి రంగులంటే సరదా అని నవ్వుకున్నాడు కూడా. పేర్లూ, తేదీలూ భద్రంగా వచ్చాయిగానీ, గడులకు వేసిన రంగులు పాత షీట్లోనే ఉండిపోయాయి. ఇంకాసేపట్లో ఆ ఇళ్ళన్నిట్లో ఫోన్లు టింగుమంటాయి.

ముందు మెసేజ్‌లు ఆపేశాడు. పాత షీటు ఇంకా చెరిపెయ్యకపోవడం అదృష్టం. దాన్ని తెరిచి, కుర్చీ లాక్కుని వదిన పక్కన కూర్చున్నాడు. డేటాబేస్‌లో కొత్త కాలమ్ ఒకటి చేర్చాడు.

"దీనికేం పేరు పెట్టమంటావు?"

"'అడగొద్దు' అని పెట్టు."

కింది నుంచి పైకి ఆమె ఊదా వరుసలు చదువుతుంటే అతను టిక్కులు కొట్టాడు. ప్రతి పేరుకీ ఆమె దగ్గరొక కబురుంది. "ఈయన ఆక్సిజన్ మిషన్‌కి గొలుసు కట్టి పడుకునేవాడట, దొంగలెత్తుకుపోతారని. ఈవిడైతే చక్రాల కుర్చీలో కూర్చునే ఇల్లంతా గడగడలాడించేది." నవ్వుతూనే పమిటతో కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళూ ఇదే షాపులో ఉండి ఇవేమీ వినలేదే అని చిన్నోడికి బాధేసింది.

చివరికి అన్నయ్య వరుస వచ్చింది. ఆమె చదవకముందే టిక్కు కొట్టబోయాడు.

"దానికి కొట్టకు, వదిలెయ్."

"పొరపాటున వెళ్ళింది వదినా. ఆ మంచం జోలికి ఎవరూ రారు."

ఆమె తన ఫోన్ తీసి, అక్షరాలు వెతుక్కుంటూ ఏదో టైపు చేసింది. కాసేపటికి చిన్నోడి ఎదురుగా తెర మీద, యాప్‌కి వచ్చిన మొట్టమొదటి జవాబు కనిపించింది.

'ఆలస్యానికి మన్నించండి. రేపు పొద్దున వచ్చి మంచం తీసుకెళ్ళండి. దిండు మాత్రం నాకుండనివ్వండి.'