కోడలికి పట్టిన దయ్యం

మంత్రగాడు పెద్దులు వేపమండతో మరో దెబ్బ వేసేసరికి బిక్షమ్మ మూలిగి రాట్నం పక్కనే ముడుచుకుపోయింది. నారాయణపేటలో మిట్టమధ్యాహ్నం. ఇంట్లో మగ్గం ఆగిపోయింది. మగ్గం గుంతలోంచి లేచొచ్చిన మల్లప్ప పెళ్లాం జుట్టు పట్టుకుని లేపి కూర్చోబెట్టాడు.

"అమ్మా, కాళ్లు పట్టు. తన్నుకుంటది," అన్నాడు.

నర్సింగమ్మ కోడలి కాళ్ల దగ్గర కూలబడింది. మంత్రగాణ్ణి పిలిపించింది తనే. పొద్దున నూలు కండెలు చుడుతూ చుడుతూ బిక్షమ్మ పళ్లు గిట్టకరచి పడిపోతే, "దీనికి మల్ల దయ్యం పట్టింది" అని వాడకంతా వినబడేలా అరిచిందీ తనే. నిజాం రాజ్యం పోయి పదేళ్లయినా ఆ ఇంట్లో మగ్గం షావుకారిదే, నూలూ షావుకారిదే. గడువు దాటితే చీర కూలిలో సగం కోసేస్తాడు. రేపే గడువు.

పెద్దులు నిప్పుల చిప్పను దగ్గరకు జరుపుకున్నాడు. పిడికెడు ఎండు మిరపకాయలు తీసి పెట్టుకున్నాడు.

"ఎప్పుడెప్పుడు పడ్తది? అమాసకా, పున్నానికా?"

"అమాసకు గాదు. సావుకారికి చీర ఇచ్చే ముందటి దినం," అంది నర్సింగమ్మ.

"పోయినసారి?"

"గప్పుడు గూడ గంతే."

"పడినంక ఏం జేస్తది?"

"ఏం జేస్తది? ఒక దినం పండుకుంటది. జర గంజి తాగుతది. లేస్తది."

చెబుతూ చెబుతూ ఆమె ఆగిపోయింది. అవును, దయ్యం పట్టిననాడే ఈ పిల్ల నడుం వాల్చేది. మిగతా రోజుల్లో కోడి కూయకముందే రాట్నం ముందు కూర్చుంటుంది. కూర్చోబెట్టేది ఎవరు? షావుకారు మల్లప్పను అరుగు కింద నిలబెట్టి నానా మాటలూ అంటాడు. వాడు ఆ కోపమంతా మోసుకొచ్చి, కండెలేవని తన మీద పడతాడు. తను కోడలి మీద పడుతుంది. కోడలికి మీద పడేందుకు ఎవరూ లేరు. అది నేల మీద పడుతోంది.

పెద్దులు మిరపకాయలు చేతిలోకి తీసుకున్నాడు. "ముక్కుకు పొగ తాకాలె. గట్టిగ పట్టుండ్రి."

"నేను పట్ట," అంది నర్సింగమ్మ.

"ఏందీ?" మల్లప్ప తెల్లబోయాడు.

"పట్టనంటున్న. దయ్యం గియ్యం ఏం లేదు కొడుకా. పిల్ల అలిసిపోయింది. అలిసెటట్టు చేసింది మనమే."

"మరి రేపు సావుకారికి ఏం జెప్పాలె?"

"కాలేదని జెప్పు."

"మగ్గం గుంజుకపోతడే!"

నర్సింగమ్మ లేచి కుండలోని నీళ్లు తెచ్చి నిప్పుల మీద కుమ్మరించింది. ఇల్లంతా బూడిద లేచింది. "ఇగ నాకు పూచీ లేదు," అంటూ పెద్దులు సంచి సర్దుకుని బయటికి నడిచాడు.

బిక్షమ్మ సగం కళ్లు తెరిచి చూస్తోంది. ఆమె జుట్టు ఇంకా మొగుడి పిడికిట్లోనే ఉంది.

"ఇడువు," అంది నర్సింగమ్మ.

మల్లప్ప మగ్గం మీద ఇంకా మూరెడు నేయాల్సి ఉన్న చీర వైపు చూశాడు. నర్సింగమ్మ ముందుకు వంగి, రెండు చేతులతో కొడుకు మణికట్టు పట్టుకుంది. వాడింకా పిడికిలి విప్పలేదు.