ఆదివారం మసి

ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా ఊనా పాస్కో పెరట్లో దండెం మీది బట్టలన్నీ తీసి బుట్టలో వేసుకునేది. సోఫా మీద పాత దుప్పటి కప్పి, చక్కెర డబ్బాకి మూత బిగించేది. ఆరున్నరకి వెనక సందులోంచి సెవెరీనా వచ్చేది, జానెడు ఎత్తున నిమ్మకాయ కేకు పట్టుకుని. ఏడున్నరకి సీరియల్. ఆ ఆరు వారాలూ ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఉత్తరభాగాన ఉన్న ఆ మిరిబా ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా ఇదే వరస. సీరియల్లో చెరకు తోట తగలబెట్టినప్పుడల్లా టీవీలోంచి మసి వచ్చి ఇంట్లో పడేది మరి.

మొదటి ఆదివారం ఎవరూ సిద్ధంగా లేరు. తెరమీద తోట భగ్గుమంది. వేలెడు పొడవున్న నల్లటి రేకులు ఒకటీ రెండూ గాల్లో ఊగుతూ వచ్చి ఊనా ఒళ్ళో వాలాయి. గది నిండా మాడిన బెల్లం వాసన.

"మసి పడుతోందే. కేకు మీద మూత పెట్టు," అంది సెవెరీనా. "దండెం మీద ఏమైనా ఉన్నాయా?"

"రెండు దుప్పట్లున్నాయి."

"మరి కూర్చున్నావేం? కిటికీ తెరిచే ఉంది. లేవవే."

ఊనా లేచి పరిగెత్తింది. అరవై ఏడేళ్ళ మోకాళ్ళు నొప్పెట్టాయి గానీ దుప్పట్లు మాత్రం దక్కాయి.

మర్నాడు రొట్టెల కొట్లో ఇదే మాట. "మా ఇంట్లో చేటెడు పడింది, మీకో?" అని కొట్టు నడిపే డెల్మా వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగింది. టీవీ బాగుచేసేవాణ్ణి ఒక్కరూ పిలవలేదు. పిలిచి ఏం చెప్తారు? పైగా అందరికీ లోపల్లోపల సంతోషమే. చెరకు నరకడానికి యంత్రాలొచ్చి పచ్చి తోటనే కోసేస్తున్నాయి. నరికే ముందు ఎండాకు పోవడానికి తోట తగలబెట్టే పని తప్పి పదేళ్ళు దాటింది. ఒకప్పుడు జూన్ నుంచి నవంబరు దాకా ఆ ఊరి ఆకాశం నిండా ఎగిరిన మసి ఇప్పటి పిల్లలకి తెలియనే తెలియదు. చక్కెర మిల్లులో చెరకు మోసే రైలింజను నడిపి రిటైరైన ముసలాయన తనింట్లో పడిన మసిని జాము సీసాలోకి ఎత్తి కిటికీలో పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళకి మూత తీసి వాసన చూపించేవాడు.

ఇంతకీ ఆ సీరియల్ ఊనాదీ సెవెరీనాదీ కథే. లియోనీ అనే అమ్మాయి ఏడేళ్ళ కిందట బ్రిస్బేన్ నుంచి వచ్చి, రెండు వారాలు ఊనా వరండాలో టేపురికార్డరు పెట్టుకుని కూర్చుంది. తర్వాత యుద్ధకాలం నవల రాసింది. వాగుకి ఇటు ఇంగ్లీషు వాళ్ళ తోట, అటు ఇటలీ వాళ్ళ తోట, రెంటి మధ్యా ఇద్దరు పిల్లల స్నేహం. పేర్లు మార్చింది గానీ వాగుని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచేసింది. నవల టీవీకెక్కేసరికి ఊరు ఊరంతా ఈ ఇద్దరినీ సినిమా తారల్లా చూడసాగింది.

సెవెరీనాకి తన వేషం వేసిన పిల్ల మాత్రం నచ్చలేదు.

"ఆ ముక్కేమిటే, కొడవలిలాగా? నాది అంత పొడవా?"

"ఇంకా పొడవే."

"నోర్మూసుకుని కేకు తిను."

సెవెరీనా నవల చదవలేదు. అక్షరాలు చీమల్లా పాకుతున్నాయే, టీవీలో వచ్చినప్పుడు చూస్తాలే, అనేసింది. ఊళ్ళో మిగతావాళ్ళూ అంతే. ఊనా మాత్రం పుస్తకం చేతికందిన రోజే ఏకబిగిన చదివింది. ఆఖరి భాగంలో తన మాటే ఉంది. పుస్తకం మూసి, బీరువాలో ఇస్త్రీ దుప్పట్ల అడుగున దాచేసింది. అప్పటికి నలభై ఏడేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట, ఆ టేపురికార్డరు ముందు ఏ ధైర్యంతో చెప్పిందో ఆమెకే తెలియదు. ఊరు కాని ఊరి పిల్ల, చెప్తే వెళ్ళిపోతుందిలే అనుకుంది. ఆ పిల్ల వెళ్ళి నవలలో పెట్టేసింది.

అసలు సంగతి ఇది.

తోట తగలబెట్టే రోజున, ఆ తోటవాళ్ళు పొద్దున్నే వరండా కమ్మీ మీద ఎర్రగుడ్డ వేలాడదీయడం ఆ వాగుపక్క వాడుక. సాయంత్రం మంట పెడుతున్నాం, మీ దండెం చూసుకోండమ్మా అని దానర్థం. అవతలివాళ్ళు చూసి, తెల్ల ఏప్రాను ఒకటి కట్టి, చూశాంలే అని జవాబు చెప్పేవాళ్ళు. ఊనా రీనా అని పిలుచుకునే సెవెరీనా వాళ్ళమ్మ దగ్గర ఇటలీ నుంచి తెచ్చుకున్న ఎర్ర శాలువా ఉండేది. అదే కట్టేది.

నలభై రెండులో, టౌన్స్‌విల్ మీద జపాను బాంబులు పడిన వారంలో, దక్షిణాది నుంచి కొత్తగా వచ్చిన పోలీసాయన సైకిలు మీద వాగు దాటి వచ్చాడు. పదమూడేళ్ళ ఊనా పెరట్లో బట్టలారేస్తోంది. ఆ ఎర్రగుడ్డ ఎవరిది పాపా అని అడిగాడు. రీనా వాళ్ళదండీ, అది కట్టిన సాయంత్రం మంట పెడతారు, చాలా దూరం కనిపిస్తుంది అని చెప్పింది. పెద్దవాళ్ళు తనని ఒక మాట అడిగారని మురిసిపోయింది కూడా. బట్టల సంగతి మాత్రం చెప్పలేదు. ఆ ఊళ్ళో అది విప్పి చెప్పాల్సిన విషయమా? చంటిపిల్లలకి కూడా తెలుసు. ఆయనకి తెలియదని ఊనాకి ఎలా తోస్తుంది?

మూడోరోజు పొద్దున్నే జీపొచ్చింది. శత్రుదేశం ఇటలీవాడు, శత్రు విమానాలకి గుర్తులు పెడుతున్నాడని సెవెరీనా నాన్న జుస్టోని తీసుకుపోయారు, సాక్ష్యానికి శాలువా కూడా. దక్షిణాన ఎడారి అంచున క్యాంపులో రెండేళ్ళ మూడు నెలలు ఉంచారు. ఊనా రెండుసార్లు పోలీసు స్టేషను మెట్లదాకా వెళ్ళింది, బట్టల సంగతి చెబుదామని. రెండుసార్లూ మెట్టెక్కకుండానే వెనక్కొచ్చేసింది. జుస్టో తిరిగొచ్చేసరికి తల ముగ్గుబుట్ట. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆయన కమ్మీ మీద ఏ గుడ్డా కట్టనివ్వలేదు. మంట పెట్టే రోజున తనే టోపీ చేత్తో పట్టుకుని ఊనా వాళ్ళ గుమ్మంలోకి వచ్చి, అమ్మా, ఈ సాయంత్రం కాలుస్తున్నాను అని నెమ్మదిగా చెప్పి వెళ్ళేవాడు. ఊనా ప్రతిసారీ వంటింట్లో దాక్కునేది.

ఆఖరి ఆదివారం దగ్గరపడేకొద్దీ ఊనాకి ముద్ద దిగలేదు. సెవెరీనా లేని బతుకు ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. మొగుళ్ళిద్దరూ పోయాక ఒకరికొకరు అన్నట్టుగా బతుకుతున్నారు. మందుబిళ్ళలు వేసుకున్నావా అని ఒకరినొకరు రోజూ ఫోను చేసుకుంటారు. శనివారంనాడు ఊనా టీవీ వెనక యాంటెన్నా తీగ పీకేసి, టీవీ చెడిపోయిందే, రేపు రాకు అని చెప్పింది. ఆదివారం సెవెరీనా కేకుతో సహా రానే వచ్చింది. టీవీ వెనక్కి వంగి చూసి తీగ గుచ్చేసింది.

"నీకు చూపు మందగించింది. బుద్ధి కూడా," అని కూర్చుంది.

తెరమీద ఊనా వేషం వేసిన జడల పిల్ల బట్టలారేస్తోంది. వంతెన మీంచి సైకిలొచ్చింది. సెవెరీనా ముందుకి వంగింది.

"ఇప్పుడు తెలుస్తుంది చూడు, మా నాన్న మీద చెప్పిందెవరో. మా అమ్మ చచ్చేదాకా మిల్లు గుమాస్తానే అనుకుంది."

ఆ గుడ్డ ఎవరిది పాపా, అన్నాడు తెరమీది పోలీసు.

అప్పుడు పడింది మసి. తెరమీద ఎక్కడా మంటే లేదు. అయినా ఎప్పుడూ పడనంత పడింది. రేకులు రేకులుగా వచ్చి టీవీ అద్దానికి అంటుకున్నాయి. చూస్తుండగానే తెర నల్లగా మూసుకుపోయింది. టీవీలో మాట కూడా గొంతులో గుడ్డ కుక్కినట్టు ఆగిపోయింది. పక్కింట్లోంచి, ఆ పక్కింట్లోంచి, అయ్యో కనపడట్లేదే, తుడవండే అనే కేకలు వినపడ్డాయి. ఊళ్ళో అన్ని టీవీలదీ అదే పరిస్థితి.

ప్రతి వారం అద్దం తుడిచే పని ఊనాదే. గుడ్డ ఆమె చేతిలోనే ఉంది.

"తుడువే. చూస్తూ నిలబడ్డావేం?" అంది సెవెరీనా.

ఊనా కదల్లేదు. రెండు నిమిషాలు ఊరుకుంటే చాలు, ఆ ఘట్టం దాటిపోతుంది. ఊళ్ళో ఎవరూ చూడరు. సెవెరీనా చూడదు. రేపు మళ్ళీ ఫోను, మళ్ళీ మందుబిళ్ళలు, మళ్ళీ కేకు. అంతా ఎప్పట్లాగే ఉంటుంది. ఆ మసి తన కోసమే పడిందని ఊనాకి అర్థమైంది. అర్థమయ్యాక జుస్టో గుర్తొచ్చాడు, గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని. ఆమె గుడ్డ కింద పడేసింది.

"తుడవక్కర్లేదు రీనా. ఆ పిల్ల ఏం చెప్పిందో నాకు తెలుసు."

"పుస్తకం చదివావుగా, తెలియకేం? నన్ను చూడనీ."

"పుస్తకంలోది కాదు. నేను చెప్పాను. ఆ పోలీసాయనకి మీ ఎర్రగుడ్డ సంగతి చెప్పింది నేనే."

మొత్తం చెప్పింది, ఒక్క మాట కూడా దాచుకోకుండా. సెవెరీనా ఒళ్ళో చేతులు పెట్టుకుని విన్నది.

"బట్టల సంగతి చెప్పలేదా?" అని అడిగింది చివరికి.

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"ఆయనకి తెలుసనుకున్నాను. అందరికీ తెలుసుగా."

"గుమాస్తా చావుకి మేమెవరమూ వెళ్ళలేదు," అంది సెవెరీనా. "ఆయన పెళ్ళాం వీధిలో ఎదురైతే మా అమ్మ నేలమీద ఉమ్మేది. ప్రతి ఆదివారం నువ్వు మా ఇంట్లోనే తినేదానివి. మా అమ్మ నీకు వడ్డించేది."

"అవును."

సెవెరీనా లేచి, కోయని కేకుకి మూత పెట్టి, చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. వెనక గేటు గడియ పడింది. ఊనా అక్కడే కూర్చుని ఏడ్చింది. మసి రాలిపోయి తెర తేటపడేసరికి పేర్లు పడుతున్నాయి.

సోమవారం రొట్టెల కొట్లో ఒకటే గోల. అసలు ఘట్టం ఊళ్ళో ఒక్కరూ చూడలేదు. "ఎవరు చెప్పారంటావు ఊనా? మిల్లు గుమాస్తాయేనా?" అంది డెల్మా.

"గుమాస్తా కాదు. నేనే," అని, డబ్బులు బల్లమీద పెట్టి, రొట్టె తీసుకుని వచ్చేసింది ఊనా.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఫోను మోగలేదు. ఊనా మందుబిళ్ళలు వేసుకుందో లేదో ఆమెకే గుర్తులేదు. నేలమీది మసి ఊడవలేదు, బట్టలు ఉతకలేదు. సీరియల్ అయిపోయింది, ఊళ్ళో మసి పడటమూ ఆగిపోయింది. పొద్దున్నే వంటింటి కిటికీలోంచి సందుకవతల సెవెరీనా వెనక వరండా కేసి చూడటం, తలుపు మూసి ఉండటం, మళ్ళీ కూర్చోవడం. అంతే.

పదో రోజు బుధవారం. పొద్దున్న ఎనిమిదింటికి టీ పోసుకుంటూ అలవాటుగా కిటికీలోంచి చూసింది.

సెవెరీనా వరండా కమ్మీ మీద ఎర్రగుడ్డ వేలాడుతోంది.

గుడ్డంటే మనవడి ఈత తువ్వాలు, మధ్యలో పళ్ళు బయటపెట్టిన మొసలి బొమ్మతో. అయితేనేం, ఎరుపు ఎరుపే. ఆ ఇంటివాళ్ళు కమ్మీకి ఎర్రగుడ్డ కట్టి యాభై నాలుగేళ్ళయింది. టీ కప్పులోంచి పొంగి గట్టు మీదకి కారుతున్నా ఊనా గమనించలేదు. నీ దండెం చూసుకోవే, అంటోంది ఆ గుడ్డ.

పరుగున పెరట్లోకి వెళ్ళింది. తీయడానికి దండెం మీద ఏముంది? తొమ్మిది రోజులుగా నూలుపోగు ఆరేసిన పాపాన పోలేదు. ఒక్క క్షణం దిక్కుతోచక నిలబడి, మళ్ళీ లోపలికి పరిగెత్తింది. బీరువా తెరిచి ఇస్త్రీ దుప్పట్లు రెండు లాగింది. అడుగునున్న పుస్తకం కిందపడింది, పడనీ. పొడి దుప్పట్లు తీసుకెళ్ళి దండెం మీద వేసి క్లిప్పులు పెట్టింది.

సందుకవతల తలుపు తెరుచుకుంది.

"కళ్ళు పోయాయా ఏమే?" అంది సెవెరీనా, కమ్మీ దగ్గరకొచ్చి. తొమ్మిది రోజులకే ముఖం చిక్కిపోయింది. "ఎర్రగుడ్డ కడితే ఆరేస్తావేం? తీసెయ్."

"తీస్తున్నానే. తీయడానికేగా వేసింది."

సెవెరీనా ఆ పొడి దుప్పట్లని, ఇస్త్రీ మడతలని చూసింది. ముఖం పక్కకి తిప్పుకుంది గానీ లోపలికి వెళ్ళలేదు.

ఊనా దుప్పట్లు ఒక్కొక్కటీ తీసి బుట్టలో పెట్టుకుంది. మెట్లెక్కి వంటింట్లోంచి తెల్ల ఏప్రాను తెచ్చి తన కమ్మీకి కట్టింది. కళ్ళనిండా నీళ్ళు, ముడి సరిగ్గా పడలేదు, విప్పి మళ్ళీ కట్టింది. అవతల సెవెరీనా అది చూసి తలూపి, కేకు పొయ్యిలో ఉంది, మాడిపోతుంది అంటూ లోపలికి నడిచింది.

ఆ చుట్టుపక్కల యాభై మైళ్ళలో ఎక్కడా మంట లేదు. ఊనా బుట్ట లోపల పెట్టి కిటికీ మూస్తుండగా మసి పడటం మొదలైంది. దండెం మీద ఒక్క గుడ్డ కూడా లేదు.